సగం గడ్డం ఎల్లస్వామి బర్రె

హనుమకొండ తాలూకా కచేరి గోడకు అద్దం తగిలించి గడ్డాలు గీసే ఎల్లస్వామికి కత్తి కంటే నాలుకే పదును. కాజీపేటలో కదిలిన రైలు వరంగల్ చేరేలోపు ఇంజిన్ డ్రైవర్‌కు గడ్డం గీశాననీ, ఒక్క గాటు పడలేదనీ చెప్పేవాడు. నమ్మనివాళ్ళ గడ్డం సగంలో ఆపేసేవాడు. సగం మొహం నురగతో కూర్చున్నవాడు దేన్నయినా నమ్ముతాడు.

పెళ్ళాం పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. మడికొండ ఇంట్లో అతని మాట వినేది గోడలే. అందుకే పొద్దున్నే మొదటి బస్సుకు కచేరి చేరేవాడు. పేషీకి, అంటే విచారణ వాయిదాకు వచ్చినవాళ్ళు లోపల పేరు పిలిచేదాకా ఎటూ కదల్లేరు. అలా కట్టేసినట్టు కూర్చునే శ్రోతలు నిజాంకైనా దొరికారో లేదో.

వాళ్ళలో మొగిలమ్మది ధర్మసాగర్ పక్క పల్లె. చనిపోయిన మొగుడి మెట్ట చెలకకు తన పేరిట పట్టా కోసం ఏళ్ళుగా తిరుగుతోంది. ఆమె కోసమే ఎల్లస్వామి బర్రె కథ ఎత్తుకున్నాడు. వెనకటికి హనుమకొండ ఎక్కడ ఆగుతుందో, వరంగల్ ఎక్కడ మొదలవుతుందో కొలవడానికి సర్వేవాళ్ళు వచ్చారట. వాళ్ళ కొలత గొలుసు ఎల్లస్వామి తాత బర్రె కాలికి చిక్కుకుందట. అది మేస్తూ పోతుంటే, వాళ్ళు వెనకే హద్దురాళ్ళు పాతుకుంటూ పోయారట. ఈ ఊళ్ళ హద్దులు ఇంత వంకరగా ఉన్నది అందుకేనట.

పేషీ పేషీకి బర్రె కొంత నడిచేది. సుబేదారి దాటింది, కాజీపేట పట్టాలు దాటింది. ఎక్కడ ఆగిందో మాత్రం చెప్పేవాడు కాదు. చెప్పేస్తే ఆమె ఆ గోడనీడకు మళ్ళీ ఎందుకొస్తుంది?

ఎనభై అయిదులో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. మొగిలమ్మ కాయితాలూ ధర్మసాగర్‌కు పోయాయి.

"ఇగ మా కచేరి మా దిక్కేనట," అంది. "ఇయ్యాలన్న జెప్పు. నీ బర్రె ఏడ ఆగింది?"

"ఏం తొందర వదినె? వచ్చే పేషీకి జెప్త."

"వచ్చే పేషీ ఈడ లేదంటాన."

"బర్రెకు మండలాల సంగతి తెల్వది," అన్నాడు అద్దం తుడుస్తూ.

ఆమె నవ్వి బస్సెక్కింది.

తర్వాత గోడనీడన మనుషులు పలచబడ్డారు. వచ్చినవాళ్ళు గడ్డం గీయించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఎల్లస్వామి లోపల్లోపల కథ ముగించుకున్నాడు. బర్రె మొగిలమ్మ చెలకలోనే ఆగింది. ఆ మాట చెప్పాలని ఒకనాడు సంచీ పట్టుకుని ధర్మసాగర్ మండలాఫీసుకు వెళ్ళాడు.

అక్కడ అరుగు మీద ఉప్పలయ్య అనే రైతు, పక్కనున్నవాళ్ళకు గొలుసు చిక్కిన బర్రె కథ చెబుతున్నాడు.

"ఎవలు జెప్పిండ్రే నీకిది?" ఎల్లస్వామి అడిగాడు.

"మా మొగిలమ్మ."

"ఏడున్నదామె?"

"పట్టా అయిపాయె. ఇగ ఈడికెందుకొస్తది?"

"మరి బర్రె ఏడ ఆగిందట?"

"ఏడ ఆగలేదు. ఎనుక గొలుసు పట్టుకొని ఎవలన్న వస్తాండ్రా అని మర్లి చూసిందట. ఎవలు లేరట. ఇగ ఇంటికి పోయిందట."

అందరూ నవ్వారు. ఎల్లస్వామి కూడా నవ్వాడు. మొగిలమ్మ ఇంటికి దారి అడుగుదామనుకున్నాడు. పేషీ లేకుండా ఒంటరి ఆడమనిషి గడపలో ఏమని నిలబడాలి? తిరుగు బస్సెక్కి, పొద్దుండగానే మడికొండలో దిగాడు.

ఆ తర్వాత అతను ఎవరి గడ్డమూ సగంలో ఆపలేదు.