పట్టీ కింద చెయ్యి

బీపీ చూడాలంటే రవిక చెయ్యి పైకి జరపాలి. మోచేతికి రెండు వేళ్లు పైన పట్టీ చుట్టాలి. ఇబ్రహీంపట్నంలో ఆశా కార్యకర్తగా ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాక నేను నేర్చుకున్న మొదటి పని అది. చెయ్యి పైకి జరిపితే ఇంటి గుట్టు బయటపడుతుందని నాకెవరూ నేర్పలేదు. అది తెలిసిన రోజున నా నోటిదూల ఒక ఆడమనిషి దవడ విరగడానికి కారణమైంది.

మా దగ్గర బీపీ చూడటం పెద్ద తమాషా. వసారాలో కుర్చీ వేస్తారు. అత్త, మొగుడు, పక్కింటివాళ్లు అందరూ చుట్టూ చేరతారు. మిషన్ ఆగగానే "ఎంతుంది, ఎంతుంది?" అని అడుగుతారు. మేం కూడా వీధి చివరిదాకా వినపడేలా అంకె చెబుతాం. నా గొంతు అసలే పెద్దది. నేను వస్తున్నానంటే రెండిళ్ల అవతలే తెలిసిపోతుందని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

ఆ ఆదివారం నేను వెళ్లిన ఇంట్లో ముగ్గురు ఉన్నారు. కోడలికి ముప్పై రెండేళ్లు. ఆదిభట్లలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. మొగుడు టిప్పర్ నడుపుతాడు. అత్త గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను కోడలి రవిక చెయ్యి పైకి జరిపాను. లోపల నాలుగు వేళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి. వాటి మీద పళ్ల గాటు ఉంది.

"ఏందమ్మా గిది? ఎవరు కొరికిండ్రు?" అని అందరి ముందే అరిచాను.

"బాత్రూంల జారి పడ్డ అక్కా" అందామె, నేల చూస్తూ.

"బాత్రూం కొరుకుతదా?" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. పక్కింటి ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మొగుడు నవ్వలేదు.

"ఆశమ్మా, బీపీ చూడనీకి వచ్చినవా, కేసు రాయనీకి వచ్చినవా?" అన్నాడు. అత్త తల ఎత్తకుండానే "కాపురం అన్నంక ఉంటయ్ బిడ్డా" అని, చేటలో బియ్యం ఒక్కసారి ఎగరేసింది. నేను అంకె గట్టిగా చెప్పి, పుస్తకంలో రాసుకుని, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. ఆ చాయ్ తాగినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

బుధవారం ఆమె పెద్ద దవాఖానలో మంచం మీద ఉంది. దవడ విరిగింది. ముందు పళ్లు రెండు లేవు. కనుబొమ్మ మీద కుట్లు. "నన్ను నలుగురిల నవ్వులపాలు చేస్తవా" అంటూ మొగుడు తలుపు మూసి కొట్టాడట. మొగుడు మందుల కోసం కిందికి వెళ్లిన సందు చూసి నేను దగ్గరికి పోయాను. ఆమె మాట ముద్దముద్దగా వచ్చింది.

"నువ్వు అందరిల అడగకుంటే బాగుండె అక్కా."

నేను ఇంకా దగ్గరికి వంగాను. ఆమే మళ్లీ చెప్పింది. "వద్దన్న రోజు కొడతడు. కొట్టినంక గూడ ఊకోడు. పెండ్లాంవి గాదా అంటడు. ఏదో ఒకనాడు సంపుతడక్కా." మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే కళ్లు మూసుకుంది. దవాఖాన కాగితంలో బాత్రూంలో పడినట్టే రాయించి, నాలుగో రోజు వాడే ఇంటికి తీసుకుపోయాడు.

జరిగిందంతా చెబితే, మా బస్తీ దవాఖాన డాక్టరమ్మ ఆ కోడలి పాత చీటీలన్నీ తీసి బల్ల మీద పరిచింది. తలనొప్పి, నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి, నిద్ర పట్టదు. వచ్చిన ప్రతిసారీ మాత్రలిచ్చి పంపాం. మొగుడు ప్రతిసారీ పక్కనే ఉన్నాడు.

"డెంగీ వస్తే నీళ్లు యాడ నిలిచినయో ఇల్లిల్లు ఎతుకుతం. గిది గంతకన్న ఎక్కువ మందిని తింటున్నది. దెబ్బ తాకినంక కట్టు కట్టుడు తప్ప ముందుగాల మనమేం జేసినం?" అని బల్ల మీద చేత్తో కొట్టింది. తర్వాత నా వైపు చూసింది. "అడుగుడు తప్పు గాదు. అందరిల అడిగినవ్, గది తప్పు."

ఆ వారం నుంచి నేనొక కొత్త కట్టడి పెట్టాను. పక్కన మనుషులుంటే, మాటలు వినపడితే బీపీ తప్పొస్తుంది, అందరూ బయటికి పోండి. ఇందులో సగమే నిజం. కానీ మా మగవాళ్లు పెళ్లాం మాట వినరు గానీ మిషన్ మాట వింటారు, బుద్ధిగా లేచి పోయేవాళ్లు. లోపలి గదిలో తలుపు వేసి, పట్టీ చుట్టి, నా పెద్ద గొంతును గొంతులోనే నొక్కి అడిగేదాన్ని. "ఇంట్ల ఎవరితోనన్న భయమా? వద్దంటే ఆగుతడా?" కొందరు నన్ను తిట్టారు. కొందరు పట్టీ విప్పినా లేవకుండా అలాగే కూర్చున్నారు.

ఆ కోడలి ఇంటికి కూడా అలా రెండుసార్లు వెళ్లాను. మూడోసారికి అన్నీ మాట్లాడుకున్నాం. ఆధార్ కార్డు, క్యాంటీన్ కార్డు, రెండు జతల బట్టలు నా సంచిలో పెట్టి పంపేయాలి. సోమవారం పొద్దున కంపెనీ బస్సు ఎక్కి మళ్లీ ఆ ఇంటికి రాకూడదు. తుర్కయాంజాల్‌లో తోటి పనామె గదిలో చోటు ఉంది. ఆ మూడోసారి, ఆమె కార్డులు నా చేతికి ఇస్తుండగా తలుపు మీద తన్ను పడింది. వాడు బయట చెవి పెట్టి విన్నాడు.

రెండో తన్నుకు గడియ ఊడిపోయింది. వాడు ఆమె జుట్టు పట్టుకుని తల బీరువాకేసి కొట్టాడు, ఒకసారి కాదు. అడ్డం పోయిన నా మూతి మీద గుద్దాడు. నోటినిండా నెత్తురు. మిషన్ గోడకు తగిలి ముక్కలైంది. ఆమె కింద పడ్డాక మెడ మీద కాలు పెట్టాడు. నాకేమైందో, కూర్చున్న ఇనుప స్టూలు ఎత్తి వాడి వీపు మీద బలం కొద్దీ వేశాను. వాడు తిరగగానే మళ్లీ వేశాను. కసిగానే వేశాను, దాచుకునేదేముంది. అప్పుడు మళ్లీ వచ్చింది నా గొంతు. వీధి వీధంతా వినపడేలా అరిచాను.

ఇరుగుపొరుగు పరుగున వచ్చి వాణ్ని పట్టుకున్నారు. ఇన్నేళ్లూ పెళ్లాం అరుస్తుంటే వాళ్లింటి గొడవ అని ఊరుకున్నవాళ్లే, సర్కారు మనిషి అరిచేసరికి వచ్చారు. నా కోపం వాడి మీద ఎంతో వాళ్ల మీదా అంతే. అంతకంటే ఎక్కువ గడపలో ఉన్న ముసలామె మీద. అంత జరుగుతున్నా ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

ఈసారి డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి, ఒక్కొక్క దెబ్బా కోడలినే అడిగి రాసింది. వాడు కొన్నాళ్లు లోపలుండి బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తోంది. ఆమె ఇప్పుడు తుర్కయాంజాల్ నుంచి కంపెనీ బస్సు ఎక్కుతోంది.

మొన్న షుగర్ మాత్రల రోజున అత్త బస్తీ దవాఖానకు వచ్చింది. వరసలో కూర్చున్న ఆమెను చూడగానే నాకు ఒళ్లు మండింది. మొహం కూడా చూడకుండా, అందరి ముందే చెయ్యి లాగి పట్టీ చుట్టబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"తలుపెయ్యి బిడ్డా" అంది.

లోపలికి తీసుకుపోయి తలుపు వేశాను. ఆమే రవిక చెయ్యి పైకి జరుపుకుంది. వదులైన చర్మం మీద నాలుగు వేళ్ల అచ్చులు. "ఇంట్ల ఇప్పుడు నేనొక్కదాన్నే గదా, నన్ను కొడుతుండు" అంది. రవిక చెయ్యి కిందికి దించుకుని, "వాని నాయన గూడ గట్లనే. వద్దన్నా ఇడిచిపెట్టకపోతుండె. నలభై ఏండ్లు. నన్నెవ్వరు అడగలే" అంది.

నేను పట్టీ పక్కన పెట్టి, స్టూలు ఆమె దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.