సెయిదె ఇంటి గడప

సంత నుంచి వచ్చిన సెయిదె మాంసం సంచీ చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. పొద్దున తాను వెళ్లేటప్పుడు గుమ్మం కింద నేల నున్నగా, ఏటి ఒడ్డు నీళ్లలోకి జారినట్టు, లోపలికి కలిసిపోయి ఉంది. ఇప్పుడక్కడ పాత ఇంటి గడప అడ్డంగా పడుకుని ఉంది. పొగకీ ఏళ్లకీ నల్లబడ్డ కొండమాను. అందులో దిగిన కొత్త మేకులు చేపకళ్లలా మెరుస్తున్నాయి.

గడపకి అవతల, అందరూ అమ్మా అన్నట్టు 'ఎనే' అని పిలిచే అత్తగారు బాత్మా ఉన్ని వడుకుతోంది.

"ఎనే, ఎవరు కొట్టారు దీన్ని?"

"పక్కింటాయన్ని పిలిచి నేనే కొట్టించాను. గడపలేని ఇల్లు మూతి కట్టని సంచీ. ఉన్న కలిమి కాస్తా కారిపోతుంది."

"ఇవాళ ఊల్‌కాన్ వస్తోంది కదా!"

"రానీ. నలుగురు మగాళ్లు ఎత్తి లోపల కూర్చోబెడతారు. అందరిళ్లలో జరిగేది అదేగా."

"పోనీ దీని మీద వాలుగా చెక్కపలక వేస్తాను."

"పలక వేసి తొక్కినా తొక్కడమే. గడప మీద కాలు పెట్టకూడదని నీకు ఈ వయసులో నేర్పాలా?"

ఆ ఎత్తడం గురించే సెయిదె భయమంతా.

ఊల్‌కాన్, షాయిర్, తనూ ఒకే బడి, ఒకే బెంచీ. పెళ్లిళ్లయి, జుట్టు నెరిసినా, నెలకొకరి ఇంట్లో చేరి తిని పాడుకునే షెరినె మాత్రం మానలేదు. కనుమలో బస్సు బోల్తాపడ్డాక ఊల్‌కాన్ కాళ్లు నిద్రపోయాయి, మళ్లీ లేవలేదు. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ఆమెను మగాళ్లు మోసుకెళ్లేవాళ్లు. చక్రాల కుర్చీ, జీను విప్పిన గుర్రంలా, వాకిట్లో ఒంటరిగా ఎదురుచూసేది. షెరినె రోజున ఊల్‌కాన్ పొద్దుటినుంచీ టీ ముట్టేది కాదు. ఏ ఇంట్లోనైనా మరుగుదొడ్డి పెరటి చివర, మెట్ల పైన. అక్కడికి కూడా ఎవరో ఒకరు ఎత్తుకెళ్లాలి.

పోయిన నెల షాయిర్ ఇంట్లో ఒకాయన చెయ్యి జారింది. ఊల్‌కాన్ నేల మీద కూలబడింది, లంగా మోకాళ్ల పైకి తొలగింది. "బరువెక్కావు వదినా!" అన్నారెవరో. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. వెళ్లేముందు మాత్రం సెయిదె చెవిలో అంది: "వచ్చేనెల మీ ఇంట్లో ఆఖరు. ఆ తర్వాత నన్ను లెక్కలోంచి తీసెయ్యండి."

సెయిదె గోడలకి మట్టి పూస్తుంది. ఊళ్లో సగం గోడలకి ఆమె అరచెయ్యి తెలుసు. ఆ వేసవిలో పదిమందీ సాయం పట్టి తన కొత్త ఇల్లు లేపినప్పుడు మెట్లు వద్దంది, వాలు నేల చాలంది. కుర్చీ వెడల్పుని ఎప్పుడో షాయిర్ చూస్తుండగా తన తలగుడ్డతో కొలిచి ముడి వేసుకుంది. ఆ ముడి ఎంతో, ద్వారాలు అంతకంటే కాస్త వెడల్పు. మరుగుదొడ్డి ఇంట్లోనే, పొయ్యిగది పక్కన. "గుర్రాల్ని లోపల కట్టేస్తావేంటే?" అని ఊరు వేళాకోళం చేసింది. బాత్మా మాత్రం ఏమీ అనలేదు. ఆ మౌనం ఇన్నాళ్లూ గడపని దాచిపెట్టుకుందని సెయిదెకి తెలియలేదు.

ఇప్పుడామె వాకిట్లో మూలనున్న గునపం అందుకుంది.

"నేను పోయాక పీకు," అంది బాత్మా, కదురు ఆపకుండా. "పెళ్లికూతురిగా తెల్ల ముసుగేసుకుని తల వంచి ఈ గడపే దాటాను. మీ మామగారు శవమై దాటింది కూడా దీన్నే."

సెయిదె గునపం దించేసింది. దూరంగా కారు హారన్ మోగింది.

"ఒసేయ్ సెయిదే! కుండ దించావా, మమ్మల్నే వండుతావా?" అంటూ షాయిర్ దిగింది.

ఊల్‌కాన్ తన చేతులతో తనే చక్రాలు తిప్పుకుంటూ వాలు ఎక్కింది. మట్టిలో ఆరిన సెయిదె వేళ్ల గుర్తుల మీదుగా, ఎవరూ తొయ్యకుండా. ఆమె ముఖం మబ్బు విడిన కొండలా అవుతోంది. గుమ్మం దగ్గర చక్రం ఠక్కున ఆగింది.

"ఉండవే, మగాళ్లని కేకేస్తా," అంది షాయిర్.

"వద్దు."

ఊల్‌కాన్ ఒళ్లోని రొట్టెల మూట తీసి బాత్మాకి చాచింది. ముసలామె చెయ్యి సగం లేచి ఆగింది. "గడప మీదుగా ఇవ్వకూడదమ్మా. లోపలికొచ్చి ఇవ్వు."

"ఎలా రాను, ఎనే?"

ఆ గొంతులో దెప్పు లేదు. నిజంగానే అడిగింది. లోపల టీ కాగే సమోవార్ ఒక్కటే సన్నగా పాడుతోంది.

"అయితే వెళ్తాను," అని ఊల్‌కాన్ కుర్చీని వెనక్కి తిప్పింది.

బాత్మా చేతిలోంచి కదురు జారింది. ఒకసారి గడపని చూసింది, ఒకసారి దూరమవుతున్న వీపుని.

"ఆగు! మా అత్త నాటినుంచీ ఈ ఇంట్లో రొట్టె తుంచకుండా ఒక్క మనిషీ తిరిగిపోలేదు. కలిమి పోతే అలా పోతుంది." తర్వాత, ఎటో చూస్తూ: "కోడలా, ఆ గునపం ఎక్కడ పెట్టావు?"

మేకులు కీచుమంటూ ఊడాయి. బాత్మా గడపని తనే ఎత్తుకెళ్లి, గదిలో పెద్దలు కూర్చునే చోట గోడకి చేర్చింది. చాలాసేపు దానిమీద చెయ్యి తియ్యలేదు.

ఊల్‌కాన్ ముందుకి కదిలింది.

"ఆగు!"

బాత్మా చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులతోనే ఇంట్లోకొస్తావా?"

అందరూ చక్రాల బురద వైపు చూశారు. అతిథుల చేతులు కడిగే చెంబు పట్టుకుని బాత్మా మోకాళ్ల మీద కూర్చుంది. నీళ్లు పోసింది, భుజం మీది తుండుతో తుడిచింది. "ఊ, రెండో కాలు," అంది. ఊల్‌కాన్ పెదవి కొరుక్కుంటూ రెండో చక్రం తిప్పింది.

లోపల గడప పక్కనే ఆమెకి చోటు దొరికింది. "మంచి జత. ఇద్దరం నడవలేం," అంది గడపని నిమురుతూ. బాత్మా నవ్వాపుకోలేక ఉన్ని వెతుక్కుంది.

సెయిదె ఆమెకి, ఆనవాయితీగా, సగం గిన్నె టీ పోసింది. ఊల్‌కాన్ చూపు పొయ్యిగది పక్కనున్న వెడల్పు తలుపు మీద కాసేపు ఆగింది. ఆమె గిన్నె ఎత్తి ఖాళీ చేసి, మళ్లీ చాచింది. సెయిదె మళ్లీ పోసింది.

"మా ఇంట్లో గుక్కెడు తాగవు గానీ!" అంది షాయిర్.

"మళ్లీ మీ వంతు వచ్చినప్పుడు తాగుతాలే, ముందు మీ మెట్ల సంగతి చూడు," అంది ఊల్‌కాన్.

షాయిర్ ఏదో హాస్యం ఆడబోయి, ఆగి, సెయిదె వైపు తిరిగింది. "ముడి వేసిన ఆ తలగుడ్డ ఏదే?"