పద్నాలుగు పేజీలు

మలేసియాలోని క్లాంగ్‌లో ఫ్యాక్టరీలకు కాంట్రాక్టు పనివాళ్లను పంపే కంపెనీలో మరిడమ్మ గుమస్తా. కొప్పులో పెన్ను, ముక్కు కొసన కళ్లజోడు. కరెంటు బిల్లయినా సరే, ప్రతి వరుస కిందా వేలు పెట్టి చదివితే తప్ప స్టాంపు గుద్దదు. యజమాని విసుక్కుంటాడు. ఆమె వేలు మాత్రం తొందరపడదు.

ఆ ఉదయం కంపెనీకి గుర్తింపు ఇవ్వచ్చో లేదో చూడడానికి తనిఖీ అధికారిణి వచ్చి కూర్చుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన వెల్డరు అప్పలనాయుడి ఒప్పందంలో, 'నా భాషలో చదివి వినిపించారు' అన్నచోట గడి ఖాళీగా ఉంది. "టిక్కు పెట్టెయ్," అని యజమాని మలయ్‌లో గొణిగాడు.

"కూకో బావూ, సదువుతాను," అంది మరిడమ్మ బల్ల ముందు నిలబడ్డ వెల్డరుతో. బంటింగ్ రబ్బరు ఎస్టేటులో చిన్నప్పుడు అమ్మ నేర్పిన తెలుగులోకి మార్చి, మొదటి పేజీ నుంచి అందుకుంది. యజమాని రెండుసార్లు దగ్గాడు. అతని చూపుతోనే తన ఉద్యోగం ఎన్నాళ్లో ఆమెకు తెలిసిపోయింది. పేజీ తిప్పింది. తొమ్మిదో పేజీలో వేలు ఆగింది.

"పాస్‌పోర్టు నీకాడే ఉండాల. కంపెనీ ఉంచుకోకూడదు."

అప్పలనాయుడు ముందుకు వంగాడు. "మరి నాదేటైనాదమ్మా? దిగిన రోజే అట్టుకెళ్లిపోనారు గదా."

జవాబు మరిడమ్మ తెలుగులో చెప్పలేదు. తనిఖీ అధికారిణి వైపు తిరిగి, స్పష్టమైన మలయ్‌లో చెప్పింది. "ఇతను తన పాస్‌పోర్టు అడుగుతున్నాడు. అది ఆ బీరువాలో ఉంది. తాళం మా యజమాని జేబులో ఉంది. ఇంకా ఐదు పేజీలున్నాయి."

పదో పేజీ మీద వేలు పెట్టింది.