నాగసుబ్బమ్మ రవ్వకమ్మలు

జమ్మలమడుగు ప్రాంతంలో కక్షలు మండిన కాలాన నాగసుబ్బమ్మ భర్త పార్టీ నాయకుని కోసం ప్రాణం విడిచాడు. కర్మనాడు ఆ నాయకుడు ఊరందరి ఎదుట ఆమె చేతిలో రవ్వకమ్మలు పెట్టాడు. పెద్దలిచ్చిన సొమ్మును పరీక్షింపజేయడం అపచారమని ఎంచి, ఆమె వాటిని దేవుని పెట్టెలో భద్రపరచింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. కొడుకు ఓబులేసు అదే నాయకుని 'అన్న' అని కొలుస్తూ ఆయన జీపులో తిరుగుతున్నాడు. కమ్మలు అమ్మి, వానికి ఆటో కొనిచ్చి, ఆ బ్రతుకు మాన్పించాలని ఆమె ప్రొద్దుటూరు వచ్చింది.

రాళ్లు పొదిగే యోగానందాచారి రవ్వపై ఊపిరి ఊదాడు. పట్టిన మసక ఎంతకూ వీడలేదు.

"గనిలో పుట్టిన రవ్వయినా, మిషన్లో పెంచిన రవ్వయినా మసక చిటికెలో పోతాదమ్మా. ఇది అమెరికన్ డైమండు, ఉత్త నకిలీ రాయి. ఎవురు అంటగట్టినారు తల్లీ నీకు?"

ఆమె కమ్మలను కొంగున ముడివేసుకొని బయటికి వచ్చింది.

"ఏం మా, అమ్మినావా? ఆటోకు హారన్ నేనే కొంటాలే!" అని, తోడుగా వచ్చి అంగడి బయట నిలిచిన ఓబులేసు నవ్వాడు.

నిజం చెబితే వాడు నాయకుని మీదికే కత్తి దూస్తాడు. ఆనాడే వాని ఆయువు తీరుతుంది. చెప్పకుంటే ఆ జీపు వానిని వదలదు.

"మీ నాయన గుర్తు గదప్పా, అమ్మబుద్ధి కాలా," అంది.

"అన్న ఇచ్చినవి యాడన్నా అమ్ముతారా మా!" అని మురిసి, వాడు ఎదురుగా ఆగిన నాయకుని జీపెక్కాడు.