మావ కాళ్ళ కింద సబ్‌వూఫర్

పక్క నుంచి పోయే కారొకటి మీ గుండెల మీద గుద్దినట్టు ధన్‌ధన్‌మని మోగుతూ పోతే, అందులో కూర్చున్న మనిషి గురించి మీరు ఏమనుకుంటారు? నిజాయితీగా చెప్పండి. మొన్న కాశీబుగ్గ బస్టాండు దగ్గర నా పక్కన నిలబడ్డ పెద్దాయన తన అభిప్రాయాన్ని ఏమీ దాచుకోలేదు. కారు వెళ్ళిన వైపు చూసి "మదం" అన్నాడు. అని, సమ్మతి కోసం నా వైపు తిరిగాడు. కాలేజీ రోజుల్లోనైతే ఆయనకు సమ్మతితో పాటు అడగకుండానే ఒక ఉపన్యాసం కూడా ఇచ్చి ఉండేదాన్ని. టెక్కలిలో డిగ్రీ చదివినన్నాళ్ళూ చర్చావేదిక ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎక్కినదాన్ని. ఒకరి ఇంట పుట్టిన శబ్దానికి మరొకరి గోడ దాటే హక్కు లేదన్నది నేను నెగ్గిన వాదాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆ వాదాన్ని ఈనాటికీ వదులుకోలేదు. అయినా మొన్న ఆ పెద్దాయనకు తల ఊపలేకపోయాను. మా కుటుంబంలో ఒక కారు ఉంది, దాని ముందు సీటు కింద ఒక సబ్‌వూఫర్ ఉంది, అది అక్కడికి ఎందుకు చేరిందో నాకు తెలుసు.

ఆ కారు మా మేనత్తది. భావనపాడులో ఎండు చేపలు కొని పలాస, టెక్కలి బజార్లలో అమ్ముతుంది. చాలా ఏళ్ళపాటు గంపలతో ఆటోల కోసం నిలబడేది. ఎక్కిన ప్రతి ఆటోలోనూ ఎవరో ఒకరు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకునేవారు. ఒక రోజు ఆ చెంగుల వైపు చూసీ చూసీ, మూడు చేతులు మారిన పాత నీలం కారొకటి కొనేసింది. కొన్న తరువాత నడపడం నేర్చుకుంది. నేర్చుకున్నది నౌపడ ఉప్పుమడుల పక్క దారిలో, ఎందుకంటే అక్కడ గుద్దుకోవడానికి ఉప్పు తప్ప మరేమీ ఉండదని ఆమె లెక్క. ఆ లెక్క మొదటి రోజే నిజమై, ఒక ఉప్పు కుప్పలోకి ముందు చక్రాలతో సహా దూరిపోయిందని మా ఇంట ఇప్పటికీ చెప్పుకుంటారు. కారులో మల్లెపూల వాసన వచ్చే సీసా ఒకటి వేలాడేది. కొద్ది రోజులకే అది చేపల వాసనతో సంధి కుదుర్చుకుని, రెండూ కాని మూడో వాసన వెయ్యడం మొదలుపెట్టింది. ఉప్పునీరు కారితే అడుగు రేకు తినేస్తుందని అత్త నేల మీద రబ్బరు పట్టా పరిచి, దాని మీద గోనెసంచులు మడతలు మడతలుగా వేసింది. ఆ సంచులను గుర్తుపెట్టుకోండి. ఇక పాటల సంగతికొస్తే, కంపెనీవాళ్ళు ఇచ్చిన స్టీరియోకి ముందు తలుపుల్లో అరచేతంత స్పీకర్లు రెండు. అందులో ఎంత గొప్ప గాయకుడు పాడినా పడిశం పట్టినట్టే వినిపించేవాడు. అత్తకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఆమె భర్త, మా మావకు కూడా లేదు. ఆయనకు అసలు ఆ పాటలే వినిపించేవి కావు. మావ ఇంజను బోటు డ్రైవరు. చిన్నతనంలోనే డీజిలు ఇంజను పక్కకు చేరాడు; సముద్రం మీద ఉన్నంతసేపూ ఆ మోత చెవిలోనే. మొదట పక్షుల అరుపులు పోయాయట, తరువాత పిల్లల మాటలు, ఆ తరువాత అత్త పిలుపు. పిలిస్తే పలకని మనిషిని మన ఊళ్ళలో ఏమంటారో మీకు తెలుసు. పొగరన్నారు, పరధ్యానమన్నారు, తాగాడన్నారు. ఆయన తాగడు. ఆయనకున్న వ్యసనమల్లా డోలక్కు. ఊరి భజన బృందంలో డోలక్కు మావదే. శనివారం రామమందిరం అరుగు మీద ఆయన ఎడమచెయ్యి పడితే, చిన్నప్పుడు అత్త ఒళ్ళో నిద్రపోతున్న నాకు కూడా పొట్టలో ఎవరో మెత్తగా తట్టినట్టు ఉండేది. ఒకసారి అక్కుపల్లిలో ఏకాహానికి, పగలూ రాత్రీ ఆగకుండా సాగే భజనకు, బృందమంతా వెళ్ళింది. అక్కడ పాట ఆగిపోయినా మావ వాయిస్తూనే ఉన్నాడు. పిల్లలు నవ్వారు. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన కూడా నవ్వాడు. తెలిశాక ఇంటికి వచ్చి, డోలక్కును మేకుకు తగిలించి, ఇక దాని వైపు చూడలేదు. రానురాను మాట్లాడటం కూడా మానేశాడు. శ్రీకాకుళంలో డాక్టరు పరీక్ష చేసి, ఇంజను మోత సన్నని శబ్దాలను తినేసిందనీ, లావు శబ్దాలు ఇంకా కొంత మిగిలి ఉన్నాయనీ చెప్పి, చెవి మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే ఊరంతా ఒకేసారి స్టీలు కంచాలు తోముతున్నట్టు ఉందని మావ దాన్ని బియ్యం డబ్బాలో దాచాడు.

ఇలా ఉండగా, వేసవిలో వేట నిషేధం వచ్చింది. బోట్లు ఒడ్డెక్కాయి, మావ ఇంట్లో పడ్డాడు. ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టంలేక అత్త ఆయన్ని కారులో పక్క సీటు మీద కూర్చోబెట్టుకుని తిప్పేది. వెనక సీట్లో చేపల గంపకు తోడుగా నేను. ఒక సాయంత్రం టెక్కలిలో పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. లారీ నిండా సౌండు బాక్సులు, కారు అద్దాలు వణుకుతున్నాయి. నేను సిద్ధాంతరీత్యా అద్దం పైకి ఎత్తి, ఆ ఊరేగింపును చట్టపరంగా ఎలా ఖండించవచ్చో అత్తకు వివరిస్తున్నాను. ఆమె నా మాట వినడం లేదు. మావ వైపే చూస్తోంది. భుజం తట్టి పిలిస్తే తప్ప కదలని మనిషి, తనంతట తానే లారీ వైపు తిరిగాడు.

"సూసినావేటే? తల తిప్పినాడు," అంది అత్త, నెమ్మదిగా, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

మర్నాటికి ఆమె నిర్ణయం తయారుగా ఉంది. కారులో లావు శబ్దం వచ్చే పెట్టె పెట్టించాలి, అందులో మన ఊరి భజన పెట్టాలి. మావకు డోలక్కు వినబడితే మనిషి తిరిగి బృందంలో కూర్చుంటాడు, కూర్చుంటే మాట్లాడతాడు. ఆమెకు సబ్‌వూఫర్ అన్న మాట తెలియదు, పని తెలుసు. నేను మాత్రం నా ప్రతివాదమంతా వరసగా వినిపించాను. అది వైద్యం కాదన్నాను. చెడిన చెవికి మరింత మోత తగిలితే మిగిలింది కూడా పోవచ్చన్నాను. చివరగా నా ప్రియమైన గోడ సిద్ధాంతాన్ని బయటికి తీశాను. అత్త బాదం ఆకులో చేపలు మూటగడుతూ అంతా విని, తల ఎత్తకుండానే అంది: "నీ గోడ నీకుంది గుంటా. మీ మావకి సుట్టూరా గోడే ఉంది. దాన్నేటి సెయ్యమంతావు?"

ఎన్నో వేదికల మీద నాకు ఎదురుపడని ప్రశ్న ఇది. జవాబు లేనప్పుడు పక్షం మార్చుకోవడం ఓటమి కాదని మా కాలేజీలో ఎవరూ నేర్పలేదు గానీ, ఆ రోజు నేనే నేర్చుకున్నాను. అయితే షరతులు పెట్టాను: అద్దాలు ఎత్తే ఉండాలి, ఊరి వీధుల్లో ఆపెయ్యాలి, శబ్దం ఒక హద్దు దాటకూడదు. అత్త ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, ఈనాటికీ తప్పలేదు.

పలాసలో కారు సామాన్ల దుకాణంవాడు మమ్మల్ని చూసి మా ఇంట్లో పెళ్ళనుకున్నాడు. డిక్కీ అంత వెడల్పు పెట్టెను ముందుకు తోసి, ఇది బిగిస్తే మీరు పలాసలో బయల్దేరగానే టెక్కలివాళ్ళకు తెలిసిపోతుందని హామీ ఇచ్చాడు. అత్త ఆ పెట్టెను ఎగాదిగా చూసింది.

"డిక్కీలో నా సేపలుంతాయి బాబూ. ఇదెక్కితే అయ్యెక్కడ కూకుంతాయి, నీ నెత్తి మీదేటి?"

అప్పుడు వాడు కాస్త నిరుత్సాహంగా, సీటు కింద పట్టే పలచటి పెట్టెను తీశాడు, అన్నం క్యారేజీని పడుకోబెట్టినట్టుంది. ఇది బయటికి వినబడదమ్మా అని ముందే క్షమాపణ చెప్పుకున్నాడు. "నాకు కావల్సిందీ అదే. నానేటి ఊరికి ఇనిపించడానికొచ్చేనా?" అంది అత్త. కంపెనీ స్టీరియోను మార్చకుండా దాని వెనక వైర్ల నుంచే పాటను దించి, బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి విడిగా వైరు లాగి, మావ కూర్చునే సీటు కింద పెట్టెను బిగించాడు. శబ్దం పెంచుకోవడానికి వైరు చివర ఒక చిన్న మీట ఇచ్చాడు. నేను చెప్పిన హద్దు దగ్గర ఆ మీట పక్కన అత్త తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి అంటించింది. మా ఒడంబడిక మీద ముద్ర అదే.

అంతకుముందు శనివారం నేను ఫోనులో రికార్డు చేసిన మా ఊరి భజన పెట్టాం. పలాస దాటేసరికి గంపలోని ఎండు చేపలు కూడా సన్నగా కదులుతున్నాయి. మావ మాత్రం చేతులు కట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. ఎలా ఉందని అత్త చేత్తో సైగ చేసింది. "బానే ఉంది. సీటు మెత్తగా ఉంది," అన్నాడు మావ. అత్త పాట మార్చలేదు, ఆపలేదు, బొట్టుబిళ్ళ దాటలేదు.

నౌపడ ఉప్పుమడుల దగ్గర కారు ఆపి నీళ్ళు తాగాం. ఏమీ తోచక నేను మావకు ఎదురుగా వెళ్ళి, పెదవులు కనిపించేలా, మెల్లగా ఒక ప్రశ్న అడిగాను. ఇందులో నాకు వాదమేమీ లేదు, నిజంగానే తెలియక అడిగాను. చెవులు ఇలా ఉన్నాక సముద్రం మీద ఇంజను తేడా చేస్తే నీకెలా తెలుస్తుంది మావా అని.

ఆయన నన్ను వింతగా చూశాడు. "సెవుల్తోటి కాదే. కాళ్ళతోటి. సెక్క మీద నిలబడితే సాలు, అదే సెప్తాది."

మా తీరంలో ఎవరూ చెప్పులతో బోటు ఎక్కరు. బోటంటే గంగమ్మ, చెప్పులు ఇసుకలో విడిచి ఎక్కాలి. కారు నేల మీది వస్తువు కాబట్టి మావ చెప్పులతోనే ఎక్కేవాడు. ఆ చెప్పుల కింద గోనెసంచులు, సంచుల కింద రబ్బరు పట్టా, దాని కింద ఎక్కడో రేకు. ముగ్గురమూ ఒకేసారి కిందికి చూశామని నా జ్ఞాపకం. తుప్పు పడుతుందని ఇన్నాళ్ళూ ఒక్క సంచీ కూడా కదపనివ్వని అత్త, తలుపు తీసి, సంచులన్నీ లాగి డిక్కీలో పారేసింది. పట్టా కూడా పెరికేసింది. "సెప్పులిప్పు మావా," అంది, ఆయన పాదాలు చూపిస్తూ. ఆయన దిగి, చెప్పులు విప్పి, రోడ్డు పక్కన జతగా పెట్టి, కుడికాలు ముందు వేసి కారెక్కాడు.

కారు కదిలింది, భజన మొదలైంది. ఉప్పు కుప్పలు ఒకటీ ఒకటీ వెనక్కి పోతున్నాయి. మావ పాదాలు రేకు మీద బల్లుల్లా అంటుకుపోయి ఉన్నాయి. పాట సగానికి రాకముందే ఆయన ముఖం చిట్లించాడు.

"ఎవుడది డోలక్కు? ఎడం సెయ్యి ఆలిస్యంగా పడతంది," అన్నాడు.

నీ తమ్ముడేనని అత్త ఆయన వైపు ముఖం తిప్పి, పెదవులు కనిపించేలా చెప్పింది. "ఆడా? ఆడికి నానే నేర్పినాను. సెడగొట్టీసినాడు," అన్నాడు మావ. మళ్ళీ పాదాలు సర్దుకున్నాడు. "శనివారం ఏ ఏలకి కూకుంతన్నారు?"

ఇల్లు చేరాక గానీ మాకు తెలియలేదు, ఆయన చెప్పులు ఉప్పుమడుల దగ్గరే ఉండిపోయాయని. బోటులోంచి ఒడ్డు దిగితే చెప్పులు అక్కడే ఉంటాయి కదా, ఆయన అలవాటు అది. అత్త తిరిగి వెళ్ళి తెచ్చింది, దారి పొడవునా తిడుతూ, దారి పొడవునా నవ్వుతూ.

శనివారం మావ మందిరానికి డోలక్కుతో పాటు ఒక చెక్కను కూడా మోసుకొచ్చాడు. పాత బోటు విప్పినప్పుడు మిగిలిన అడుగుచెక్క. దాన్ని అరుగు మీద పరచి, తాళాలవాళ్ళను, హార్మోనియం ఆయనను, అందరినీ దాని మీదే కూర్చోమన్నాడు. బృందం ఇరుక్కుని కూర్చుంది. నెమ్మది పాటలన్నీ సాగాయి. పాట జోరందుకున్నచోట ఒకసారి ఆయన చెయ్యి తప్పింది. అందరూ ఆగారు. పిల్లల వైపు అత్త చూసిన చూపుకు గుడి దీపం కూడా కదలడం మానేసింది. తమ్ముడు చెక్క మీద అరచేత్తో తాళం కొట్టి చూపించాడు, మావ అందుకున్నాడు. బియ్యం డబ్బాలోని చెవి మిషను కూడా మరో వారానికి బయటికొచ్చింది. పాట ఎక్కడ తప్పిందో పోట్లాడుకోవడానికి మాటలు వినబడాలి కదా.

వేట మళ్ళీ మొదలైంది. మావ బోటు మీద చెవులకు మూత పెట్టుకుంటున్నాడు. కుర్రాళ్ళు మొదట వెక్కిరించారు, ఇప్పుడు అందులో ఇద్దరు తమకూ కావాలంటున్నారు. కారు అడుగు రేకు, అత్త భయపడినట్టే, మావ పాదాలు ఆనేచోట తుప్పు పట్టింది. మొన్న నేను గీకబోతే అత్త వద్దంది.

చెవి ఒక్క రోజులో పోదు. ఏళ్ళు ఒక్కొక్కటిగా ఒక్కొక్క శబ్దాన్ని పట్టుకుపోతుంటే, ఇంట్లో ఉన్న మనం ఆ ఏళ్ళన్నీ ఆ మనిషికి పొగరని పేరు పెట్టడంలో గడిపేస్తాం. కాబట్టి చదివిన మీకు నా మనవి ఇది. ఇంజను పక్కన, మరమగ్గం పక్కన, మిల్లులో, ఏ మోతలోనైనా బతుకు గడిపిన మనిషి మీ ఇంట ఉంటే, ఆయన పిలిస్తే పలకడం లేదని మీకు అనిపిస్తే, ఈ వారంలోనే చెవి పరీక్షకు తీసుకెళ్ళండి. అంతకంటే ముందు, ఇవాళే, ఆయనకు ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, జవాబు మీకు తెలియని ప్రశ్న ఒకటి అడగండి. ఆయన చెప్పేవరకు లేవకండి.