హాజరు పుస్తకంలో అన్న పేరు

దిష్టి తీస్తామన్నా లేచి బయటికి పోయేవాణ్ని నేను. దయ్యాల కథలు చెప్పేవాళ్ల దగ్గర కూర్చున్నది లేదు. ఇప్పుడూ నమ్మకం కలిగిందని చెప్పను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, రాకముందరి రోజులు. క్లాంగ్ దగ్గరి ఒక రబ్బరు తోటలో నేను కిరాణిని, అంటే గుమాస్తాని. నన్ను చదివించిన అన్న అప్పలస్వామి, వదిన అదే తోటలో పాల కోసం చెట్లు గీసేవారు. రోజూ తెల్లవారకముందే లాంతరు వెలుగులో పేర్లు పిలిచేవాణ్ని. అందరూ తమిళంలో పలికేవారు. అన్న ఒక్కడే "ఉన్నాన్రా తమ్ముడా" అనేవాడు. వరసంతా నవ్వేది. నా పరువు తీయొద్దని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

ఆ ఏడు పట్టణంలో కౌన్సిల్ ఎన్నిక జరిగింది. ఓట్ల లెక్కింపులో మోసం జరిగిందని గొడవ లేచి, చీకటి పడేలోగా జాతుల మధ్య కొట్లాటగా మారింది. లెక్కింపు చూడటానికి వెళ్లిన అన్న తిరిగి రాలేదు. కర్ఫ్యూ పెట్టారు కదా, అక్కడే ఆగిపోయాడనుకున్నాం.

మర్నాడు ఎప్పటిలాగే పేర్లు పిలిచాను. అన్న వంతు రాగానే "ఉన్నాన్రా తమ్ముడా" అని వినిపించింది. వరస నవ్వింది. తెల్లారేలోగా వచ్చేశాడనుకుని తలెత్తకుండా గుర్తు పెట్టి తర్వాతి పేరు పిలిచాను.

తొమ్మిదింటికి పోలీసులు కబురు తెచ్చారు. లెక్కింపు జరిగిన హాలు వెనక కాలవలో అన్న శవం దొరికిందట. ప్రాణం ముందురోజు సాయంత్రమే పోయిందని డాక్టరు రాశాడు.

తర్వాత అల్లర్ల మీద విచారణ పెట్టారు. పొద్దున హాజరైన మనిషి ముందురోజు కొట్లాటలో ఎలా చస్తాడని అధికారి నన్నే అడిగాడు. పొరపాటున గుర్తు పెట్టానని సంతకం చేస్తే మృతుల జాబితాలో చేరుస్తానన్నాడు. లేకపోతే అది సొంత తగాదా కింద పోతుందన్నాడు. ఆ పొద్దున నవ్విన వాళ్లలో ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. వాళ్ల పేర్లన్నీ నాకిప్పటికీ గుర్తే.

బయట బెంచీ మీద వదిన కూర్చుని ఉంది.

"తప్పు రాసేసినానని సెప్పీ బాబూ. ఆయన్ని సంపేసినారని కాగితం మీదన్నా ఉండాల."

"నువ్వు ఇన్నావా లేదా వదినా?"

"ఇన్నాను. అందరికన్నా ముందు నవ్విందాన్ని నేనే. అయినా సెప్పీ."

సంతకం చేశాను. నివేదికలో అన్న పేరు అచ్చయింది. దాని కింద గుమాస్తా అజాగ్రత్త అని నా గురించి ఒక వాక్యం ఉంది.

పుస్తకంలో ఆ గుర్తు కొట్టెయ్యమని తోట దొర రెండుసార్లు చెప్పాడు. కొట్టలేదు. ఆ పొద్దున పలికిందెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లు వచ్చి చెబితే, అప్పుడు కొట్టేస్తాను.