బావగారు తప్పులు దిద్దిన జన్యువు

ఆ రోజుల్లో మా బందరులో ఇంటర్నెట్‌కు వెళ్లడమంటే పెద్దాసుపత్రికి వెళ్లడంలాంటిది. పొద్దున్నే వెళ్లి కూర్చుంటే, మనకంటే ముందొచ్చినవాళ్లందరూ అయ్యాక, కరెంటూ ఫోను లైనూ రెండూ దయతలిస్తే పని జరిగేది. నేనప్పుడు బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. (అది చదివితే ఏమవుతారని ఎవరైనా అడిగితే మా అమ్మ "డాక్టరులాంటిదేనండీ" అని మాట మార్చేసేది.) ముదినేపల్లి చేపల చెరువు బురదలో ఒక బాక్టీరియాను పట్టుకున్నాను. దాని జన్యువు ముక్కను హైదరాబాదు ల్యాబువాళ్లు చదివి, ఏ, టీ, జీ, సీ అనే నాలుగక్షరాలే అటూ ఇటూ తిరిగే చాంతాడంత వరసను ఫ్లాపీలో పంపారు. అది ఏ ప్రొటీన్ తయారుచేస్తుందో తేల్చకపోతే వైవా తప్పినట్టే, ఏడాది పోయినట్టే. "భయం దేనికే? ఇప్పుడు వెబ్‌సైట్లున్నాయిగా. డబ్బాలో అతికించి బటన్ నొక్కడమే, చిన్నపిల్లలైనా చేస్తారు" అంది మా మేడం. చిన్నపిల్లలెవరూ ఖాళీగా లేకపోవడంతో నేనే వెళ్లాను.

మా నెట్ సెంటరు అసలుకి పెళ్లికార్డులు కొట్టే డీటీపీ షాపు. ఓనరును ఊరంతా బావగారనేది. ఆయన మౌస్ ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. "ఫ్లాపీ ఇచ్చెళ్లండి అమ్మాయిగారూ, మేటరు రెడీ చేసి పెడతాను" అన్నారు. మర్నాడు ఆయనే అతికించారు, ఆయనే నొక్కారు. రంగురంగుల బాణాలతో పేజీ దిగింది. సారాంశం: ఇది ఊహాజనిత ప్రొటీన్, ఇలాంటిది ఇంతవరకు ఎక్కడా కనబడలేదు. (సంబంధం నచ్చకపోతే "కబురు చేస్తాం" అనే పెళ్లివారి మర్యాద ఆ వెబ్‌సైటుది. తెలియదని మాత్రం చచ్చినా అనదు.)

వైవాకొచ్చిన సారు కళ్లజోడు పైకి తోసుకుని, "ఎక్కడా లేదా? అయితే కొత్తదన్నమాట! శభాషమ్మా!" అన్నారు. ఫస్టు క్లాసు! ఇక బందరు నాకు ఇరుకనిపించింది.

ఆ ఊపులోనే లడ్డూల పొట్లం పట్టుకుని బావగారి షాపుకు వెళ్లాను.

"పాసవకేం చేస్తారండీ! మీ మేటరంతా తప్పులే, నేను దిద్దిపెట్టాను కదా" అన్నారాయన, లడ్డూ చిదుపుతూ. "మన తెలుగు ఫాంటులో తెరిచి చూశాను. ఒకే అక్షరం అయిదారుసార్లు వరసగా పడింది. పాపం హైదరాబాదువాళ్ల కీబోర్డు అంటుకుపోయినట్టుంది. ఎక్కువున్నవన్నీ కూర్చుని తీసేశాను. దానికేం చార్జీ వద్దులెండి."

నా నోట్లో లడ్డూ అక్కడే ఆగిపోయింది. జన్యువులో ఒక్క అక్షరం జారినా ప్రొటీన్ మారిపోతుందని రెండేళ్లు చదివినదాన్ని. ప్రపంచంలో ఎక్కడా లేదన్న నా ప్రొటీన్ నిజంగానే ఎక్కడా లేదు, బావగారి కంప్యూటర్లో తప్ప.

ఇప్పుడు నాకు అలాంటి వెబ్‌సైట్లతోనే ఉద్యోగం. అవి ఇంకా తేలికయ్యాయి, ఇంకా మర్యాద నేర్చాయి. ఊహాజనిత ప్రొటీన్ అని తెర మీద పడగానే మా కుర్రకారు కొత్త జన్యువని మురిసిపోతారు. నేను మాత్రం ఇది ఏ ఊరి బావగారు దిద్దారో అనుకుంటాను. ఆ వెంటనే, ప్రపంచానికి కొత్త ప్రొటీన్ ఇచ్చానన్న ధీమాతో లడ్డూలు పట్టుకుని షాపు మెట్లెక్కిన అమ్మాయి గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తుంది కూడా. ఆ మెట్ల దగ్గరే దాన్ని ఆపేసి, లోపలికి వెళ్లకే అని చెప్పాలనిపిస్తుంది.